పాత మ్యాపుల్లో ఏనుగులు, తలలేని మనుషులు, దారి తప్పిన గోదావరి

మీరు అడిగినవి మూడు. 16, 17 శతాబ్దాల యూరప్ మ్యాపుల్లో దూరదేశాల మీద ఏనుగులూ, రాకాసి చేపలూ, తలలేని మనుషులూ ఎందుకుంటాయి, గీసినవాళ్ళు వాటిని నిజంగా నమ్మారా అన్నది మొదటిది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆ కాలపు మొగలు సామ్రాజ్యం మ్యాపుల్లో మన తీరం ఫర్వాలేదనిపించేలా ఉండి, గోదావరి మాత్రం బెంగాల్ వైపు ఎందుకు పోతోందన్నది రెండోది. అలాంటి మ్యాపునే ఒకాయన ‘1640 ఒరిజినల్’ అని అమ్ముతానంటున్నాడు, కొనొచ్చా అన్నది మూడోది. పాత మ్యాపులకు కేటలాగు రాసే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఈ మ్యాపులు గీసిన పేరున్నవాళ్ళలో చాలామంది ఆ దేశాలకు వెళ్ళలేదు. మెర్కేటర్ యూరప్ దాటలేదు. 1570లో ఆంట్వెర్ప్ నుంచి 53 మ్యాపులతో మొదటి ఆధునిక అట్లాసు తెచ్చిన ఓర్టీలియస్ కూడా అంతే. వాళ్ళు చేసింది ఎడిటింగ్. ఓడల సరంగుల చార్టులు (సముద్రపు దారుల మ్యాపులు), మిషనరీల ఉత్తరాలు, వర్తకుల కబుర్లు, రెండువేల ఏళ్ళనాటి గ్రీకు పుస్తకాలు అన్నీ బల్లమీద పరుచుకుని, ఒకదానితో ఒకటి పొసగనివాటిని ఎలాగోలా పొసగించి ఒక కాగితం మీదకు ఎక్కించేవారు. ఓర్టీలియస్ ఎంత నిజాయితీపరుడంటే, తాను ఎవరెవరి మ్యాపులు వాడుకున్నాడో 87 పేర్లతో జాబితా ఇచ్చాడు. ఆ రోజుల్లో అలా చెప్పుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

కాబట్టి ఒక మ్యాపు చూసేటప్పుడు అదంతా ఒకే మనిషి, ఒకే నమ్మకంతో గీశాడని అనుకోకండి. తీరం ఓడవాళ్ళది. లోపలి భూభాగం పుస్తకాలదీ, విన్న మాటలదీ. బొమ్మలు దుకాణానివి. మూడింటి నమ్మకం మూడు రకాలు.

తీరం ఎందుకు బాగా వచ్చింది? ఓడ మీద నిలబడి మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు చూసి అక్షాంశం తేల్చడం అప్పటికే వచ్చు. మచిలీపట్నం ఎన్ని డిగ్రీల ఉత్తరాన ఉందో చెప్పడం పెద్ద కష్టం కాదు. పైగా అదే తీరం పక్కనుంచి ఏటా ఓడలు వస్తూ పోతూ ఉంటే తప్పులు వాటంతటవే సర్దుకుంటాయి. రెండో శతాబ్దపు గ్రీకు పండితుడు టోలెమీ రాసినదాన్ని బట్టి 1482లో జర్మనీలోని ఉల్మ్‌లో అచ్చువేసిన మ్యాపు చూడండి. మన దేశానికి ద్వీపకల్పమే ఉండదు, తీరం దాదాపు అడ్డంగా తూర్పుకి పోతుంది, శ్రీలంక మాత్రం ఏనుగంత ఉంటుంది. అందులోనే మైసోలియా అనే పేరు కనిపిస్తుంది, అది మన కృష్ణా గోదావరి డెల్టా ప్రాంతమని పండితుల మాట. తర్వాత ఇరవై ఏళ్ళకే, 1502లో, ఆల్బెర్టో కాంటీనో అనే ఏజెంటు ఇటలీలోని ఫెరారా డ్యూక్ కోసం లిస్బన్ నుంచి దొంగచాటుగా తెప్పించిన పోర్చుగీసు మ్యాపులో భారతదేశం కొనదేలి, మనం గుర్తుపట్టేలా కనిపిస్తుంది. వాస్కో డ గామా కాలికట్‌లో దిగి అప్పటికి నాలుగేళ్ళే. ఆ మ్యాపుకు ఇచ్చుకున్నది 12 బంగారు డుకాట్లు. ఇప్పుడది మోడెనా లైబ్రరీలో ఉంది.

తూర్పు పడమరల వెడల్పు విషయానికొస్తే కథ వేరు. రేఖాంశం కొలవాలంటే రెండు చోట్లా ఒకే క్షణంలో టైమెంతో తెలియాలి. సముద్రం మీద నమ్మదగ్గ గడియారం 18వ శతాబ్దం సగం గడిచేదాకా రాలేదు. అందుకే పాత మ్యాపుల్లో ఆసియా అడ్డంగా సాగదీసినట్టుంటుంది. 1685 డిసెంబర్ 11న సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)లోని లోప్‌బురిలో ఫ్రెంచి జెస్యూట్లు, అంటే కేథలిక్ మిషనరీలు, చంద్రగ్రహణాన్ని గమనించి, ఆ సమయాన్ని పారిస్ సమయంతో పోల్చాకే తూర్పు ఆసియాను చాలా దగ్గరికి లాగాల్సి వచ్చింది. ఆ లెక్కలు వాడుకున్న ఫ్రెంచి మ్యాపుల నిపుణుడు దెలీల్ లాంటి వాళ్ళ మ్యాపులు అంతకుముందువాటితో పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇక గోదావరి. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

లిస్బన్‌లో కూర్చుని పోర్చుగీసు వాళ్ళ ఆసియా చరిత్ర రాసిన జోవావ్ దె బారోస్, 1552 నాటి పుస్తకంలో, పడమటి కనుమల్లో పుట్టి తూర్పుకి పారే ఒక పెద్ద నది గురించి చెప్పాడు. దాని పేరు గంగ అన్నాడు, అది పోయి పోయి అసలు గంగానదిలో, సుమారు 22 డిగ్రీల దగ్గర కలుస్తుందన్నాడు. ఆయన ఇండియాకు రానేలేదు. కానీ ఈ మాట ఆయన కల్పన కూడా కాదు. మహారాష్ట్రలో ఎగువన గోదావరిని ఇప్పటికీ గంగ అనే పిలుస్తారు, మనమూ దక్షిణ గంగ అంటాం. పడమటి తీరం నుంచి దక్కన్ లోపలికి వెళ్ళిన ఎవరో ‘ఈ నది పేరేంటి’ అని అడిగి ఉంటారు, ‘గంగ’ అని జవాబు వచ్చి ఉంటుంది. గంగ బెంగాల్లో సముద్రంలో కలుస్తుందని అప్పటికే తెలుసు. ఇంకేముంది, నదిని అటే తిప్పేశారు.

మరి మన కోస్తాలో సముద్రంలో కలుస్తున్న గోదావరి మాటేంటి? సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్ళకు గోదావరి అంటే ముందుగా ఒక మొన. ఆ మొనను దాటేటప్పుడు జాగ్రత్త, అదే వాళ్ళకు కావాల్సింది. ఇంగ్లీషు చార్టుల్లో చాలాకాలం ‘పాయింట్ గోర్డవేర్’ అని కనిపించేది అదే. నాసిక్ వైపు విన్న గంగ, కోనసీమ దగ్గర చూసిన గోర్డవేర్ ఒకటేనని చెప్పేవాడు లేడు, ఎందుకంటే ఆ నది వెంబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచిన యూరోపియన్ లేడు. దాంతో ‘గెంగా’ అనే ఆ నది ఆమ్‌స్టర్‌డామ్ మ్యాపుల్లో దశాబ్దాల పాటు బెంగాల్ వైపు పారుతూనే ఉంది. తీరం ఒకరు చెప్పగా, లోపలి భాగం ఇంకొకరు చెప్పగా గీస్తే వచ్చే తప్పు ఎలా ఉంటుందో చూపడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇలాంటిదే నర్సింగా. ఓర్టీలియస్ దగ్గర్నుంచి 17వ శతాబ్దం దాకా మ్యాపుల్లో దక్షిణాదిన పెద్దక్షరాలతో నర్సింగా అని రాజ్యం పేరుంటుంది. అది విజయనగరం. పోర్చుగీసు వాళ్ళు రావడానికి కొన్నేళ్ళ ముందే చనిపోయిన సాళువ నరసింహరాయల పేరే రాజ్యానికి అంటుకుంది. 1565లో తళ్ళికోట యుద్ధంతో ఆ రాజధాని పాడుబడినా మ్యాపుల్లో పేరు చెక్కుచెదరలేదు. గోల్కొండ సుల్తాను మచిలీపట్నంలో 1611లో ఇంగ్లీషు వాళ్ళకు వ్యాపారం చేసుకోనిచ్చాడు, డచ్చివాళ్ళు అంతకు అయిదారేళ్ళ ముందే దిగారు. అంటే మ్యాపు కొనేవాడి దేశస్థులే గోల్కొండతో అద్దకం బట్టల బేరం ఆడుతుంటే, మ్యాపు మీద పక్కనే నర్సింగా వైభవంగా వెలుగుతూ ఉండేది.

ఇందులో బద్ధకమూ ఉంది, ఖర్చూ ఉంది. మ్యాపును రాగిరేకు మీద చేత్తో చెక్కాలి. ఒక పేరు మార్చాలంటే రేకు వెనకనుంచి సుత్తితో కొట్టి, ముందువైపు నునుపు చేసి, మళ్ళీ చెక్కాలి. రేకు అంటే ఆస్తి. మెర్కేటర్ రేకులను 1604లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రచురణకర్త హోండియస్ కొన్నాడు, హోండియస్ కొడుకు రేకులు కొన్ని 1629లో అదే ఊళ్ళో ఇంకో ప్రచురణకర్త బ్లావు చేతికొచ్చాయి. చేతులు మారేకొద్దీ ప్రచురణకర్త పేరు చెరిపి కొత్త పేరు వేసేవారు, నదులూ రాజ్యాలూ మాత్రం పాతవే. కాబట్టి అట్లాసు మీదున్న సంవత్సరాన్ని చూసి అది ఆ ఏటి సమాచారం అనుకోకూడదు.

నేల మీది దూరాల సంగతి ఇంకా కష్టం. వజ్రాల వ్యాపారి టావెర్నియే 1676లో అచ్చువేసిన పుస్తకంలో గోల్కొండ నుంచి రావల్కొండ గనికి 5 రోజుల ప్రయాణం, తూర్పున కొల్లూరు గనికి 7 రోజులు అని రాశాడు. మ్యాపు గీసేవాడు దీన్ని ఎన్ని అంగుళాలు చెయ్యాలి? గుర్రం మీద రోజా, ఎడ్లబండి రోజా, వానాకాలంలో ఏరు పొంగి ఒడ్డున ఆగిపోయిన రోజా? ఏదో ఒక సగటు పట్టి, తెలిసిన రెండు ఊళ్ళ మధ్య ఇరికించేవారు.

అసలేమీ తెలియని చోట లాజిక్ పనిచేసేది. అస్సాం, బర్మా, సయాం వైపు నాలుగైదు పెద్ద నదులు ఉత్తరం నుంచి దిగుతున్నాయని తెలుసు, ఎక్కడ పుడుతున్నాయో తెలియదు. అయితే పైన ఒక పెద్ద చెరువు ఉండి తీరాలి అనుకున్నారు. చియామాయ్ సరస్సు అలా పుట్టింది, 16వ శతాబ్దం నడుమ మ్యాపులకెక్కి 18వ శతాబ్దం దాకా వదల్లేదు. దక్షిణ అమెరికాలో పరిమే సరస్సు అన్నదీ దీని చుట్టమే. భూమికి పైన ఇంత నేల ఉంటే కింద కూడా అంత బరువు ఉండాలని దక్షిణాన ఒక ఖండం మొత్తం గీసేశారు, 1772–75 నడుమ కెప్టెన్ కుక్ అటు తిరిగొచ్చేదాకా అది పోలేదు. వీటిని చూసి నవ్వడం తేలిక. కానీ వాళ్ళు తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించారు, గాల్లోంచి తీసి పెట్టలేదు.

ఇప్పుడు రాక్షసుల దగ్గరికి వద్దాం. ‘ఇక్కడ డ్రాగన్లు ఉన్నాయి’ అని పాత మ్యాపుల మీద రాసి ఉంటుందని అందరూ అంటారు. ఆ లాటిన్ మాట న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్న హంట్ లెనాక్స్ అనే చిన్న రాగి గ్లోబు మీద, ఆసియా ఆగ్నేయ తీరం దగ్గర ఉంది. అది 1510 ప్రాంతపుది. అది రివాజు మాటే అయితే వందల మ్యాపుల మీద కనపడాలి, కనపడదు.

తలలేని మనుషుల కథ ఇంకా మజాగా ఉంటుంది. క్రీస్తు పూర్వం 400 ప్రాంతంలో పారశీక రాజు దగ్గర వైద్యుడిగా ఉన్న టీసియాస్ అనే గ్రీకువాడు, కుక్క తలల మనుషులు, ఒంటికాలు పైకెత్తి దాని నీడలో పడుకునే మనుషులు, మెడ లేకుండా భుజాల్లో కళ్ళున్న మనుషులు ఉంటారని రాశాడు. ఎక్కడంటారా? ఇండియాలో! రోమన్ రచయిత ప్లినీ దాన్ని ఎత్తి రాశాడు, 1493లో అచ్చయిన నూరెంబర్గ్ క్రానికల్‌లో ప్రపంచపటం పక్కన ఈ శాల్తీలన్నీ వరసగా నిలబడి ఉంటాయి. పోర్చుగీసు ఓడలు మన రేవుల్లో మిరియాలు ఎత్తుకోవడం మొదలయ్యాక ఇక్కడ అలాంటివాళ్ళు లేరని తేలింది. అప్పుడు రాక్షసులు మాయం కాలేదు, అట్లాంటిక్ దాటారు. 1513 నాటి, తురుష్క నావికుడు పిరీ రైస్ మ్యాపులో తలలేనివాడు దక్షిణ అమెరికాలో ఉన్నాడు. 1595లో దక్షిణ అమెరికాలోని గయానా వెళ్ళొచ్చిన ఇంగ్లీషు దొర వాల్టర్ రాలే, అలాంటి జాతి ఉందని అక్కడివాళ్ళు చెప్పారు, నేను చూడలేదు కానీ నమ్ముతున్నాను అన్న ధోరణిలో రాశాడు. కొద్ది ఏళ్ళలోనే హోండియస్ తన గయానా మ్యాపులో తలలేని మనిషిని చక్కగా నిలబెట్టాడు.

మరి నమ్మారా అంటే, నా అభిప్రాయం ఇదీ: ఓడ వెళ్ళిన చోట నమ్మలేదు, వెళ్ళని చోట కొట్టిపారేయలేదు. పెద్ద గ్రంథకర్తలు రాశారు, ఒక దొరగారు సాక్ష్యం చెప్పాడు, లేదనడానికి ఆధారం లేదు. పైగా బొమ్మ ఉంటే అమ్ముడుపోతుంది.

ఏనుగులది పూర్తిగా ఈ చివరి కోవ. 1662లో పూర్తయిన బ్లావు వాళ్ళ లాటిన్ అట్లాసు 11 సంపుటాలు, రంగులేనిది 350 గిల్డర్లు, రంగులద్దింది 450. దాన్ని కొనేది సరంగు కాదు, హాల్లో పెట్టుకునే ధనవంతుడు. అతనికి ఖాళీ కాగితం అమ్మితే ఊరుకోడు. అందుకే లోపలి ఖాళీల్లో జంతువులు, మూలల్లో పట్టుబట్టల జనం, అంచుల్లో పట్టణాల దృశ్యాలు. 1572లో పట్టణాల బొమ్మల పుస్తకం తెచ్చిన బ్రౌన్, తన పటాల ముందుభాగంలో మనుషులను గీయించడానికి ఒక కారణం చెప్పుకున్నాడు: మనుషుల బొమ్మలుంటే తురుష్కులు మతనిషేధం వల్ల ఆ పుస్తకం ముట్టుకోరు, కాబట్టి దండయాత్రకు వాడుకోలేరు అని. నాకైతే అది అమ్మకానికి వేసిన సాకులా కనిపిస్తుంది.

బొమ్మలన్నీ అబద్ధం అనీ అనుకోకండి. 1584 నాటి ఓర్టీలియస్ చైనా మ్యాపులో గోడ ఉంది, నేల మీద తెరచాపలతో పరుగెత్తే బండ్లు కూడా ఉన్నాయి. గోడ సంగతి సరే, గాలివాటాన బండికి తెరచాప కట్టడం చైనాలో నిజంగానే ఉండేది. ఇంకోవైపు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఖడ్గమృగం. గుజరాత్ సుల్తాను ఇచ్చిన జంతువు 1515 మేలో లిస్బన్‌లో దిగింది. న్యూరెంబర్గ్‌లో ఉన్న డ్యూరర్ దాన్ని చూడకుండానే, ఉత్తరంలో వచ్చిన వర్ణనా స్కెచ్చూ పెట్టుకుని, ఒంటికి ఇనప కవచం, వీపు మీద ఇంకో చిన్న కొమ్ము పెట్టి చెక్కించాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా యూరప్‌లో ఖడ్గమృగం అంటే అదే.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. అచ్చయిన మ్యాపు అప్పటికి అందుబాటులో ఉన్న మంచి మ్యాపు కాదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలకు చేతితో గీసిన చార్టులు ఇచ్చేది, ప్రయాణం అయ్యాక తిరిగి అప్పగించాలి, బయటివాళ్ళకు చూపకూడదు. 1633 నుంచి ఆ చార్టుల అధికారి ఎవరు? అట్లాసుల వ్యాపారి విల్లెం బ్లావు, 1638 నుంచి ఆయన కొడుకు యోవాన్. పొద్దున కంపెనీ కోసం మచిలీపట్నం దగ్గర లోతులు, ఇసుక మేటలు సరిదిద్దిన చెయ్యే, సాయంత్రం దుకాణంలో పాత రేకునే అచ్చువేసి అమ్మేది. కంపెనీ ఆసియా చార్టులు అచ్చులో బయటికొచ్చింది 1753లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో చార్టులు అచ్చువేసే వాన్ కూలెన్ ద్వారా. కాబట్టి అట్లాసులో తప్పుందంటే వాళ్ళకు తెలియదని తీర్మానించకూడదు, తెలిసీ అచ్చువేయనివి ఎన్నో.

మొగలు మ్యాపుల సంగతి అడిగారు కాబట్టి, వాటన్నిటికీ తల్లిలాంటి మ్యాపును దగ్గరగా చూద్దాం. 1619లో లండన్‌లో అచ్చయింది. గీసింది విలియం బాఫిన్, ఉత్తర ధ్రువం దగ్గరి బాఫిన్ అఖాతానికి పేరిచ్చిన ఆయనే. జహంగీర్ దర్బారులో ఇంగ్లాండు రాయబారిగా ఉన్న థామస్ రో తిరిగొచ్చిన ఓడలో ఇతనూ ఉన్నాడు, రో సమాచారంతోనే మ్యాపు తయారైంది. అంతకుముందు మ్యాపుల్లో సింధు నది ఖంభాత్ అఖాతంలో కలిసేది, ఇందులో సింధ్‌లోనే సముద్రంలో దిగుతుంది. ఆగ్రా నుంచి లాహోర్ దాకా రెండు వరసల చిన్న చిన్న చెట్లు గీశాడు. అవి అలంకారం కాదు, ఆ రాజమార్గానికి ఇరువైపులా నిజంగా ఉన్న చెట్లు. గంగ కొండల్లోంచి దిగేచోట ఆవు తల ఉంటుంది, నీళ్ళు దాని నోట్లోంచి వస్తున్నట్టు. మనకు గోముఖం అంటే వెంటనే తెలుస్తుంది, లండన్ పాఠకుడికి అది ఇంకో వింత జంతువు అనిపించి ఉంటుంది. పైన తైమూరు దాకా పూర్వీకుల పేర్లున్న జహంగీర్ ముద్ర, సింహం సూర్యుడు ఉన్న జెండా. నూరేళ్ళకు పైగా దీన్ని డచ్చివాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కాపీ కొడుతూనే ఉన్నారు, చెట్ల వరసతో సహా.

ఇదే రో 1617లో జహంగీర్‌కు మెర్కేటర్ అట్లాసు బహూకరించాడు. కొద్దిరోజులకే పాదుషా దాన్ని వెనక్కి పంపేశాడు, మా ముల్లాలెవరూ దీన్ని చదవలేకపోతున్నారు అని. దీన్ని పట్టుకుని మనవాళ్ళకు భూగోళం పట్టలేదని రాసేవాళ్ళున్నారు. లాటిన్ పుస్తకం చదవలేకపోవడానికీ దానికీ ఏం సంబంధం? జహంగీర్ చిత్రకారులు ఆయన్ను గ్లోబు మీద నిలబెట్టి బొమ్మలు వేశారు. 1647లో జౌన్‌పూర్‌లో సాదిక్ ఇస్ఫహానీ అనే పండితుడు పారశీకంలో 33 పటాల అట్లాసే తయారుచేశాడు.

ఖాళీని ఖాళీగా వదిలే ధైర్యం ఫ్రెంచివాడు దాన్విల్‌తో స్థిరపడింది. 1752 నాటి ఆయన ఇండియా మ్యాపులో ఏనుగుల్లేవు, తెలియని చోట తెల్ల కాగితమే. చూడ్డానికి బోసిగా ఉంటుంది, గోడకు తగిలించుకునేవాళ్ళు ఇప్పటికీ దాన్ని అంతగా అడగరు.

ఇక మీ కొనుగోలు. బ్లావు మొగలు మ్యాపు రేకు 1638 ప్రాంతపుది, దాన్ని దశాబ్దాల పాటు అచ్చువేశారు. కాబట్టి ‘1640’ అన్నది అమ్మేవాడి అంచనా కావచ్చు. వెనకవైపు అచ్చు ఉంటే అది లాటినా, ఫ్రెంచా, డచ్చా చూడండి, ఏ సంచికలోదో దాన్నిబట్టే తేలుతుంది. కాగితాన్ని వెలుతురుకు పెట్టి పట్టుకుంటే సన్నని సమాంతర గీతలు కనపడాలి. మ్యాపు చుట్టూ రాగిరేకు అంచు నొక్కుకున్న గుర్తు వేలికి తగలాలి, మధ్యలో మడత ఉండాలి. పాత ఆకుపచ్చ రంగులో రాగి ఉంటుంది, అది కాగితాన్ని తినేసి వెనకవైపు గోధుమరంగు మరకలా దిగుతుంది. వెనక అలాంటి మరకేదీ లేకుండా ముందు పచ్చగా మెరుస్తుంటే, పాత కాగితం మీద ఈమధ్య అద్దిన రంగు కావచ్చు. అది మోసం అననక్కర్లేదు కానీ ధర తగ్గాలి. చూసి చదువుకోవడానికే అయితే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, డేవిడ్ రమ్సీ సైట్లలో ఇలాంటివి పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతాయి. కొనాలనే ఉంటే, డబ్బు మాట ఎత్తేముందు ఫ్రేములోంచి తీసి వెనకవైపు ఫోటో పంపమనండి. పంపకపోతే వదిలేయండి.